లాభం, రెండు, మూడు

ఊరికే పడవ తోస్తే డబ్బు ఎవరిస్తారని మా ఎదురంగడి మామ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. కోపం వచ్చినప్పుడు ఏదో ఒకటి ఒప్పేసుకుంటాను. నలభై దాటి, అప్పటికి ఈత కూడా సరిగ్గా రాని మనిషిని, కావేరిలో పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకే దాకా తెడ్డు వేసే పందేనికి సిద్ధపడ్డానంటే కారణం అంతే.

ఎదురంగడి మామ అంటే బెంగుళూరు కాటన్‌పేటలో మా తువ్వాళ్ళ హోల్‌సేల్ అంగడికి సరిగ్గా ఎదురుగా దుప్పట్ల అంగడి నడిపే పెద్దాయన. మా నాయనకు చిన్ననాటి స్నేహితుడు. స్నేహితుడని ఆ ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ ఒప్పుకోలేదనుకోండి. పొద్దున షట్టరు ఎత్తగానే తగువు మొదలయ్యేది. నీ మూట నా మెట్టెక్కిందని ఈయన, నీ నీడ నా గల్లా మీద పడిందని ఆయన. సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడేది. కొత్తగా వచ్చిన బేరగాళ్ళు జడుసుకుని పక్క అంగడికి పోయేవాళ్ళు. అంత తగువూ ఆడి, కాసేపటికి ఒక వన్ బై టూ కాఫీ చెప్పి, చెరొక మెట్టు మీద కూర్చుని చెరి సగం తాగేవాళ్ళు. కాఫీ డబ్బులు ఎవరివన్న దాని మీద మళ్ళీ మొదలు.

అలాంటి నాయనకు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది. కుడి చెయ్యి అరకొరగా తిరిగొచ్చింది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, ఏం చెప్పాలో ఆయనకూ తెలుసు, కానీ నోరు తెరిచేసరికి మాట దొరకదు. నోరు తెరిచి, లోపల వెతుక్కుని, దొరక్క మూసేసేవాడు. అలా వెతుక్కోవడం ఎవరైనా చూస్తే ఆయనకు తల కొట్టేసినట్టుండేది. అందుకని కింద అంగడికి రావడం మానేశాడు. మిద్దె మీద ఇంట్లో, సందులోకి తెరుచుకునే కిటికీ కూడా మూయించేశాడు. అంగడి నా మీద పడింది. రోజూ యలహంకలో మా ఇంటి నుంచి వచ్చి షట్టరు ఎత్తేదాన్ని. ఎదురుగా మామ తన మెట్టు మీద ఒక్కడే కాఫీ తాగుతూ కనిపించేవాడు.

మామ వారానికోసారి మిద్దె ఎక్కి వచ్చేవాడు. ఆయన అడుగుల చప్పుడు వినగానే నాయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మామ ఆ వీపుతోనే బజారు కబుర్లన్నీ చెప్పి, కాసేపు కూర్చుని లేచేవాడు. వెళ్ళేటప్పుడు నాతో, "మీ నాయన మంచోడైపోయినాడు పాపా, ఒక్క మాట అడ్డం రావడంలే" అని నవ్వేవాడు.

నాయన బయటి మనుషుల ముందు నోరు తెరిచే చోటు ఒకే ఒక్కటి ఉండేది. కాడుగోడిలో స్టేషనుకు దగ్గర్లో, ఒక ట్రస్టు అద్దెకు తీసుకున్న గది. పక్షవాతంతో మాట పోయినవాళ్ళు అక్కడికి వచ్చి మళ్ళీ మాట నేర్చుకుంటారు. మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కించి నేనే తీసుకెళ్ళేదాన్ని. అక్కడ అందరూ మాట వెతుక్కునేవాళ్ళే కాబట్టి నాయనకు సిగ్గుండేది కాదు. నోట్లోంచి సగం సగం శబ్దాలైనా వచ్చేవి. అక్కడి స్పీచ్ థెరపిస్టు నాకంటే చాలా చిన్నపిల్ల. అమ్మానాన్నలు పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చి కాడుగోడిలో స్థిరపడినవాళ్ళు. కడుతున్న అపార్ట్‌మెంట్ల పక్కన రేకుల షెడ్లలో పెరిగి, చదువుకుని, ఆ చుట్టుపక్కలే ఉద్యోగం చూసుకుంది. ఆమె మాటలో సగం ఇంగ్లిషు. నాయనను అంకుల్ అనేది, నన్ను అక్కా అనేది.

గది యజమాని ఇల్లు అమ్మేస్తానన్నాడు. వేరే చోటు చూసుకునే శక్తి ట్రస్టుకు లేదు. గది మూతపడితే నాయన నోరు కూడా మూతపడినట్టే. అప్పుడు నాకు అర్థమైంది అదొక్కటే.

"అక్కా, ఒక ఐడియా ఉంది, తిట్టొద్దు" అంది ఒకరోజు ఆ అమ్మాయి. కావేరిలో ఏటా కయాక్ పందెం ఒకటి జరుగుతుందట. పడవ నడిపేవాళ్ళు ఒక మంచి పని పేరు చెప్పి నడుపుతారు, తెలిసినవాళ్ళు ఆ పనికి చందాలిస్తారు. తనకు కాలేజీ రోజుల్లో సెలవుల క్యాంపులో పనిచేసి కయాక్ నడపడం వచ్చట. కానీ ఇద్దరు కూర్చునే పడవ కావాలి, రెండో మనిషి కావాలి. "నీకు షోల్డర్స్ బాగున్నాయక్కా, మూటలు ఎత్తుతావు కదా" అంది. నా జీవితంలో నా భుజాలను మెచ్చుకున్న మొదటి మనిషి ఆమే.

ఆలోచించి చెబుతానని పేటకు వచ్చాను. ముందు చందాల సంగతి కనుక్కుందామని మామ అంగడి మెట్టెక్కాను. అప్పుడే ఆయన ఆ ప్రశ్న వేశాడు.

"దానానికి దుడ్డు కావాల అంటే అడుగప్పా, ఇస్తాం. నడిమధ్యలో ఈ పడవ ఏమిటికి?"

"పడవ నడిపితేనే జనం ఇస్తారు మామా. అట్ల ఉండాది పద్ధతి."

"నువ్వు సుమ్నే ఊరికే నీళ్ళల్లో తిరుగులాడితే మేమెందుకియ్యాల? మమ్మల్నేమన్నా ఎక్కించుకోని పోతాండావా?"

చుట్టూ ఉన్న అంగళ్ళవాళ్ళు ఫక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు మా అమ్మ, కూరగాయల సంచితో అటుగా వెళ్తున్నది ఆగి, "తిరుమలకు మెట్లెక్కి వస్తామని మొక్కుకోరా? కారు ఉండి కూడా ఎందుకు నడుస్తాండారు మీరంతా? ఇదీ అట్లాంటిదే" అంది. మొక్కు అంటే మా వాళ్ళకు అర్థమవుతుంది.

మామ గడ్డం గోక్కున్నాడు. "మొక్కయితే సరే. కానీ మన పద్ధతి మనది. సరుకు చేరినాకనే దుడ్డు. నువ్వు తెడ్డేసుకోని రేవుకు చేరితే ఇస్తాం. దారిలో దిగితే లేదు."

పేటంతా ఆ మాట మీదే నిలబడింది. అందులో చెడ్డబుద్ధేమీ లేదు. దారిలో ఉన్న లారీకి మా సందులో ఎవరూ డబ్బు కట్టరు, తరతరాల అలవాటు. మిగతా పడవలవాళ్ళకు పందేనికి ముందే చందాలు వచ్చి పడ్డాయి. మాకు మాట మాత్రం వచ్చింది. "చేరతాను, చూస్తూండు" అని మెట్టు దిగాను. ఇంటికెళ్ళాక మా ఆయన అంతా విని, బీమా ప్రీమియం కట్టావా అని అడిగాడు.

ఈత నేర్చుకోవడం గురించి చెప్పను. చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు చెప్పుకుంటున్నది చాలు. యలహంక దాటాక పడవలు నేర్పే చెరువు ఒకటుంది. ఆదివారాలు అక్కడ మా సాధన. కయాక్ అంటే సన్నగా, పొడుగ్గా ఉండే ప్లాస్టిక్ పడవ. ఒకరి వెనక ఒకరు కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. ముందు ఆ అమ్మాయి, వెనక నేను. బరువు వెనక ఉండాలట.

ఇద్దరి తెడ్లూ ఒకేసారి నీళ్ళలో పడాలి. మావి పడేవి కాదు. "సింపుల్ అక్కా, నేను లెఫ్ట్ అంటే లెఫ్ట్, రైట్ అంటే రైట్" అనేది. ఆమె లెఫ్ట్ అని, నేను ఏ చెయ్యో గుర్తు తెచ్చుకునేలోపు రైట్ అనేది. తెడ్లు టకటకా కొట్టుకునేవి. పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగేది. చెరువు చుట్టూ నడిచే పెద్దమనుషులు ఆగి మరీ చూసేవాళ్ళు. మేము అటు కొట్టుకుంటుంటే పడవ ఇటు కొట్టుకునేది, తాడిని తన్నేవాడి తల తన్నేవాడు ఉంటాడన్నట్టు.

నాయనను ఒంటరిగా ఇంట్లో వదలలేక అమ్మ ఆయన్ని కూడా చెరువుకు తీసుకొచ్చేది. గట్టు మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆ దినాల్లో కాడుగోడి గదిలో నాయన పని ఏమీ ముందుకు సాగడం లేదు. మాట పోయినవాళ్ళకు నోటికి బాగా అలవాటైనవి ముందు తిరిగొస్తాయని ఆ అమ్మాయి చెప్పింది. పాటలు, ప్రార్థనలు, అంకెలు. పాటలా, నాయన కూనిరాగం కూడా తీసిన మనిషి కాదు. ప్రార్థన కూడా అంతే. దేవుడి ముందు చేతులు జోడించి ఊరుకునేవాడు, అక్కడ బేరం కుదరదనేవాడు. ఇక మిగిలింది అంకెలు. గోడ మీద అంకెల పటం పెట్టి, "ఒకటి, అనండి అంకుల్, ఒకటి" అని ఆమె ఎంత ఓపికగా చెప్పినా ఆయన నోట ఆ ఒకటి రాలేదు. పెదాలు కదిపి, కదిపి, చివరికి పటాన్ని చేత్తో తోసేసేవాడు. మొదటి మెట్టే ఎక్కకపోతే తర్వాతవి ఎలా ఎక్కుతాడని ఆమె నా దగ్గర బాధపడేది. నేనూ బాధపడేదాన్ని.

ఒక ఆదివారం తెడ్లు మళ్ళీ మెలికపడ్డాయి. నాకు విసుగొచ్చింది. "నీ లెఫ్టూ వద్దు, రైటూ వద్దు. నేను చెప్తా, విను" అన్నాను. మూటలు దించేటప్పుడు మా అంగట్లో ఎలా పిలుస్తామో అలాగే గొంతెత్తి, "లాభం" అన్నాను.

ఇది కాస్త చెప్పాలి. మా వ్యాపారంలో లెక్క ఒకటితో మొదలవదు. వడ్లు కొలిచినా, గుడ్డ కొలిచినా, తువ్వాళ్ళు లెక్కపెట్టినా మొదటిది లాభం. తర్వాతే రెండు, మూడు. పొద్దున్నే గల్లా దగ్గర శుభమా అని లాభం అనుకోవాలి. నిక్కరు వేసుకునే వయసు నుంచి నాయన గుడ్డ కొలిచి పిలిచాడు. పదో తువ్వాలు దాకా పిలిచి, కట్ట కట్టి, మళ్ళీ లాభం. బడికి పోయింది కొద్దికాలమే. ఒకటి అనే మాట ఆయన నోట్లో తిరిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇన్నాళ్ళూ ఆయన దగ్గర లేని సరుకు మేము అడుగుతున్నాం. ఆ అమ్మాయికి మా పేట లెక్క తెలిసే అవకాశమే లేదు. నాకు తెలిసీ తట్టలేదు. రోజూ అనే మాట కాబట్టి అదొక మాట అనే స్పృహే నాకు లేదు.

నేను లాభం అని, ఇరుక్కున్న తెడ్డును లాక్కుంటూ ఆగాను. గట్టు మీద నుంచి వినపడింది.

"రెండు."

బొంగురుగా, తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు. అమ్మ చేతిలోని కాఫీ కప్పు ఒళ్ళో ఒలికింది. నేను ఏదో అరవబోతే, ముందున్న అమ్మాయి వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఊరుకోమంది. మేము కదల్లేదు. నాయన మా వైపు చిరాగ్గా చూస్తున్నాడు, లెక్క మధ్యలో ఆపితే కూలీలను చూసేవాడే, అలా.

"మూడు" అన్నాడు. "నాలుగు." ఆగలేదు. పది దాకా వెళ్ళి, ఊపిరి పీల్చుకుని, తనంతట తనే, "లాభం" అన్నాడు. ఆ అమ్మాయి భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. ఏడుస్తోంది. ఆ ఊపుకు పడవ ఒక పక్కకు ఒరిగి ఇద్దరం నీళ్ళలో పడ్డాం. లైఫ్ జాకెట్లు వేసుకుని తేలుతూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. నాయన పట్టించుకోకుండా లెక్క సాగించాడు.

ఆ తర్వాత సాధన సాధనలా జరిగింది. గట్టు మీద నాయన పిలిచేవాడు, మేము తెడ్డు వేసేవాళ్ళం. తెడ్లు కొట్టుకోవడం ఆగిపోయింది. గదిలో కూడా అంకెల పటం తీసేసి, ఆ అమ్మాయి బోలెడు తువ్వాళ్ళు పెట్టింది, మా అంగట్లోవే. లెక్కపెడుతూ పెడుతూ నాయన నడుమ ఒక్కోసారి "ఎర్రది" అనేవాడు, "అంచు" అనేవాడు. కానీ మాకూ ఆ గదికీ తప్ప ఆ నోరు తెరుచుకునేది కాదు. చెరువు గట్టు మీద నడిచేవాళ్ళు దగ్గరికొస్తే లెక్క ఎక్కడుంటే అక్కడ ఆగిపోయేది. మామ మిద్దె ఎక్కితే మళ్ళీ గోడ వైపు తిరిగేవాడు. నాయనకు లెక్క వచ్చిందని మామకు చెప్పనా అని అడిగితే వద్దని గట్టిగా తల ఊపాడు. తగువులో తన ముందు ఒకనాడూ మాట తడుముకోని స్నేహితుడి ముందు, చిన్నపిల్లాడిలా అంకెలు వల్లించడం ఆయనకు చచ్చేంత సిగ్గు. నేను మాట ఇచ్చాను. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, అయినా ఈ ఒక్క విషయం దాచింది.

పందెం రోజు మామే కారు తీశాడు. "సరుకు చేరేది కళ్ళారా చూడాల కదా" అన్నాడు. ముందు సీట్లో నాయన, వెనక నేనూ అమ్మా ఆ అమ్మాయీ. మైసూరు రోడ్డు పొడుగునా మామ ఒక్కడే మాట్లాడాడు. నాయన కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చున్నాడు.

నది దగ్గర మంచు ఇంకా విడలేదు. మిగతావాళ్ళు ఒంటికి అతుక్కునే బట్టల్లో, నల్ల కళ్ళద్దాల్లో, ఒక్కొక్కరూ ఒక్కో విల్లులా ఉన్నారు. మేమిద్దరం మా అంగడి తువ్వాలు మెడకు చుట్టుకుని దిగాం. ఈల ఊదగానే అందరూ మాయమైపోయారు. నీళ్ళ మీద వాళ్ళు గీసిన గీతలు మాత్రం మిగిలాయి. నేను "లాభం" అన్నాను, ఆ అమ్మాయి తెడ్డు వేసింది.

మొదట్లో హాయిగానే ఉంది. వర్షాలు పోయి నీళ్ళు తేరుకున్నాయి. కొబ్బరిచెట్లు, బండల మీద కొంగలు, గుండ్రటి పుట్టిలో నిలబడి వల విసిరే మనుషులు. బెంగుళూరు ట్రాఫిక్‌లో ఇన్నేళ్ళు బతికాక, ముందర హారన్ లేని దారి చూస్తే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాత అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ తర్వాత బొబ్బలు చితికాయి.

సగం దూరంలో ఒక ఆనకట్ట అడ్డం వస్తుంది. అక్కడ పడవ ఎత్తుకుని గట్టెక్కి, అవతల దిగాలి. మామ, నాయన, అమ్మ అక్కడ చిత్రాన్నం పొట్లాలతో కాచుకుని ఉన్నారు. మాకంటే వెనక ఎవరూ లేరని అమ్మ చెప్పింది. నా గొంతు అప్పటికే పోయింది, పిలిచి పిలిచి గుసగుస మాత్రమే మిగిలింది. నాయన పక్కకు వెళ్ళి అడిగాను.

"నాయనా, నా గొంతు పోయినాది. పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు ఒక్క పది దాకా నువ్వు పిలువు. వింటూ పోతాం."

నాయన నన్ను చూశాడు. తెడ్లు మోస్తూ, నడుము నొప్పి అని గొణుగుతున్న మామ వైపు చూశాడు. నది వైపు తిరిగాడు. పెదాలు బిగుసుకునే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నాకు రెండూ కలిసే వస్తాయి. పడవ దింపుకుని కూర్చున్నాను.

అవతల నది రెండుగా చీలింది. నేను కోపంలో ఉన్నాను, ఆ అమ్మాయి భుజం నొప్పిలో ఉంది. ఇద్దరం చూసుకోకుండా చిన్న పాయలోకి వెళ్ళాం. కాసేపటికి గుర్రపుడెక్క తప్ప నీళ్ళు కనపడలేదు. దిగి, మోకాటి లోతు బురదలో పడవను లాక్కుంటూ, ఎద్దులు కడుగుతున్న ఒకాయన చెయ్యి చూపిన వైపు నడిచి, మళ్ళీ పెద్ద నదిలో పడేసరికి ఎండ పచ్చబడింది. వెనక నుంచి పందెంవాళ్ళ మోటారు పడవ వచ్చింది.

"టైమ్ ఆయ్తు మేడం, హత్తి" అన్నాడు అందులోని అతను. టైమైపోయింది, ఎక్కండి అని.

"అక్కా, ఎక్కేద్దామా? ఇప్పుడు రీచ్ అయినా మనల్ని కౌంట్ చెయ్యరు" అంది ఆ అమ్మాయి. కుడి చెయ్యి ఎత్తలేక తెడ్డును ఒళ్ళో పెట్టుకుంది.

"పేటోళ్ళు టైము చెప్పలేదు. రేవు మాత్రమే చెప్పినారు" అన్నాను గుసగుసగా.

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసి, ఆ అలసటలో కూడా పకపకా నవ్వింది. నాకు గొంతు లేదని, ఈసారి తనే పిలిచింది. పాలమూరు యాసలో "లాబం" అంది, గట్టిగా. మోటారు పడవ మమ్మల్ని అదిలించకుండా, మా వెనకే మెల్లగా వచ్చింది.

రేవు కనపడేసరికి బ్యానరు దించేశారు. కుర్చీలు మడిచి లారీకి ఎక్కిస్తున్నారు. మెట్ల మీద మావాళ్ళు ముగ్గురే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నాయన కుర్చీలో ఉన్నాడు. మామ మమ్మల్ని చూసి చేతి గడియారం పైకెత్తి చూపించాడు.

"సమయం మించినాదప్పా!" అని అరిచాడు. "మించిపోయినాక వచ్చిన సరుకు మా పేటలో ఎవురూ దించుకోరు. వాపసు పోండి, వాపసు!"

వేళాకోళమని నాకు తెలుసు. ఆయన గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది. కానీ మా ఇద్దరిలో నవ్వే ఓపిక లేదు. తెడ్లు ఆగిపోయాయి. పడవ నీళ్ళలో అలాగే నిలబడింది. "అట్లనకప్పా, పిల్లలు సచ్చి బతికి వచ్చినారు" అని అమ్మ అంటోంది. మామకు హుషారు హెచ్చింది. "చలి పోయినాక వచ్చిన దుప్పటి ఎవురు కొంటారమ్మా? వాపసే!" అన్నాడు.

నాయన కుర్చీలోంచి లేచాడు. మెడ ఎర్రబడింది. అంగడి మెట్టు మీద తగువుకు లేచేటప్పుడు అలా ఎర్రబడేది. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. మామ చూడలేదు, నదివైపు తిరిగి ఇంకోసారి వాపసు అంటున్నాడు.

"నోరు ముయ్‌రా!"

నీళ్ళ మీద మాట బాగా సాగుతుంది. అవతలి గట్టున బట్టలు ఉతికేవాళ్ళు కూడా తలెత్తారు. మామ తెరిచిన నోరు తెరిచినట్టే, మెల్లగా వెనక్కి తిరిగాడు. నాయన వేలు చూపిస్తూ, ఒక్కో మాటా విడదీసి, రుచి చూస్తున్నట్టు మళ్ళీ అన్నాడు. "నోరు. ముయ్‌రా."

మామ మెట్టు మీద కూలబడిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. ఆయన ఒళ్ళంతా కదిలిపోతోంది. నాయన ఆయన్ని వదిలేసి మా వైపు తిరిగాడు. మామ ముందే, లారీవాళ్ళ ముందే, గుండె నిండా గాలి పీల్చుకుని లెక్క పిలిచాడు. మేము తెడ్డు వేశాం. పడవ మొన రేవు రాతికి తగిలేదాకా ఆయన ఆపలేదు.

పేట మాట తప్పలేదు. కాడుగోడి గది ఇప్పుడు అదే సందులో వేరే ఇంట్లో ఉంది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో మేమిద్దరం వెనక సీట్లో అమ్మ భుజాల మీద చెరో వైపు వాలిపోయాం. మామ రెండుసార్లు బండి పక్కకు ఆపి ముఖం కడుక్కొచ్చాడు. కెంగేరి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక, రోడ్డు మీదే చూపు నిలిపి, మెల్లగా అన్నాడు.

"మీ తువ్వాళ్ళు ఒక్క ఉతుక్కే రంగు పోతాండాయంట కదరా?"

"నోరు ముయ్‌రా" అన్నాడు నాయన.

మామ కళ్ళు తుడుచుకుని, గేరు మార్చి, ఇంకో అబద్ధం వెతుక్కున్నాడు.